"అమ్మీకు నక్కో బోలో" అనే ముందు

రిపోర్టు చేతికి వచ్చిన రోజు మా ఇంట్లో జరిగిన మొదటి ఫైసలా ఇలాజ్ గురించి కాదు. ఏ డాక్టర్ దగ్గరికి వెళ్లాలి, పైసలు ఎక్కడి నుంచి తేవాలి, ఆస్పత్రిలో ఎవరు ఉండాలి, ఇవన్నీ తర్వాత వచ్చాయి. ముందు దమ్మామ్ నుంచి భాయిజాన్ ఫోన్లో మూడు మాటలన్నాడు: "అమ్మీకు నక్కో బోలో." ఆపా తల ఊపింది. చిచ్చా ఊపారు. నేనూ ఊపాను. అమ్మీకి రొమ్ము క్యాన్సర్. ఆ సంగతి ఇంట్లో అందరికీ తెలుసు, అమ్మీకి తప్ప.

ఇది రెండేళ్ల కిందటి మాట. అప్పటి నుంచి మా రిష్తేదార్లలో, మొహల్లాలో ఎవరింట్లో ఈ బీమారీ వచ్చినా "మీరెలా చేశారు?" అని అడగడానికి మా ఇంటికి వస్తున్నారు. చాయ్ తాగాక, గొంతు తగ్గించి అడిగే మొదటి సవాల్ ఒకటే. చెప్పాలా, వద్దా? నా జవాబు కూడా ఒకటే. చెప్పాలి. మేం చెప్పకుండా నాలుగు నెలలు గడిపాం కాబట్టి ఈ మాట అంటున్నాను. మొహబ్బత్ పేరుతో మేం చేసింది జుల్మ్ అని ఇప్పుడు నాకు తెలుసు.

నేను పదో తరగతి దాకా ఉర్దూ మీడియంలో చదివాను. డిగ్రీ తెలుగులో చేశాను. ఉర్దూ నుంచి తెలుగుకు, తెలుగు నుంచి ఉర్దూకు మాటలు మోయడమే నా రోటీ. అందుకే అమ్మీతో ఆస్పత్రికి వెళ్లే పని నా మీద పడింది. అమ్మీకి బజారు తెలుగు వచ్చు. కూరగాయలవాడితో బేరం ఆడుతుంది, కరెంటు బిల్లు వాడితో కొట్లాడుతుంది. ఇంగ్లీషు కలిసిన ఆస్పత్రి తెలుగు మాత్రం రాదు.

డాక్టర్ సాబ్ చాలా సాఫ్‌గా చెప్పారు. "గడ్డ పెద్దగా ఉంది. చంకలోని గ్రంథుల్లోకి కూడా పాకింది. ముందు కీమో ఆరుసార్లు ఇచ్చి గడ్డను చిన్నది చేద్దాం. తర్వాత ఆపరేషన్." నేను అమ్మీ వైపు తిరిగి, "గాంఠ్ హై అమ్మీ, కమ్‌జోరీ భీ హై. తాఖత్ కీ దవా చఢాతే," అన్నాను. ఇరవై ఏళ్ల నౌకరీలో ఎన్నో తర్జుమాలు చేశాను. అంత తప్పుడు తర్జుమా ఎప్పుడూ చేయలేదు.

నర్సమ్మ ఒక ఫారం తెచ్చి పెట్టింది. "ఇస్మే క్యా లిఖే?" అంది అమ్మీ. "ఏం లేదు, దవా ఎక్కించడానికి ఇజాజత్," అన్నాను. అమ్మీ బిస్మిల్లా చదివి, ఆ ఇంగ్లీషు కాగితం కింద ఉర్దూలో తన పేరు రాసింది. దేనికి ఒప్పుకుంటోందో తెలియకుండా చేసిన దస్తఖత్ అది. నేను పక్కనే నిలబడి వేలితో జగా చూపించాను.

అబద్ధం ఒకటి చెప్తే అయిపోదు, రోజూ దానికి మేత వేయాలి. బోర్డు మీద ఉర్దూలో కూడా రాసి ఉంటుందేమోనని ఆటోను వెనక గేటు దగ్గర ఆపించేవాణ్ని. మొదటి కీమో అయిన మూడో వారంలో దువ్వెనకు కుచ్చులు కుచ్చులుగా జుట్టు వచ్చింది. "దవా గర్మీ అమ్మీ," అన్నాను. పాపం, నిజమే అనుకుని తలకు చల్లటి నూనె రాసుకుంది.

అయాదత్‌కు వచ్చేవాళ్లకు కూడా కమ్‌జోరీ అనే చెప్పాం. కీమో ఎక్కించాక వారం నుంచి రెండు వారాల మధ్య రక్తంలో తెల్ల కణాలు బాగా పడిపోతాయి. ఆ రోజుల్లో ఇతరులకు మామూలు జలుబు అయినది పేషెంటుకు జాన్ మీదికి రావచ్చు. జ్వరం 100.4 డిగ్రీలు దాటితే అర్ధరాత్రయినా ఆస్పత్రికి పరిగెత్తాలి. ఈ మాట డాక్టర్ నాకు చెప్పారు. నేను అమ్మీకి చెప్పలేదు. చెప్పాలంటే ఎందుకో కూడా చెప్పాలి కదా. కమ్‌జోరీయే అని రిష్తేదార్లు ముక్కు కారుతున్న పిల్లల్ని చంకనేసుకుని వచ్చారు. అమ్మీ అందరినీ ఒళ్లో కూర్చోబెట్టుకుంది. పదో రోజు రాత్రి జ్వరం వచ్చింది. మామూలు బుఖారే కదా, పిల్లల నీంద్ ఎందుకు ఖరాబ్ చేయాలని ఒక గోలీ వేసుకుని పడుకుంది. ఫజర్‌కు లేవలేకపోయింది. నాలుగు రోజులు ఆస్పత్రిలో ఉంచాల్సి వచ్చింది.

ఆ తర్వాత రంజాన్ వచ్చింది. రోజా వద్దమ్మీ అంటే వినలేదు. "ఇంత కమ్‌జోరీకి రోజా వదిలితే అల్లాకు ఏం జవాబ్ ఇవ్వాలి?" అంది. ఆమె అడిగిన దాంట్లో తప్పు లేదు. బీమార్ మనిషికి రోజా విషయంలో ఖురాన్ లోనే రుఖ్సత్ ఉంది. తర్వాత ఖజా చేసుకోవచ్చు. కోలుకునే ఉమ్మీద్ లేనివాళ్లు ఫిద్యా ఇవ్వొచ్చు. ఆ రుఖ్సత్ తనకు వర్తిస్తుందని తెలియాలంటే ముందు తన బీమారీ ఏమిటో తెలియాలి. మేం ఆ తలుపు మూసేశాం. మేం చూడకుండా సహరీ చేసి రోజా ఉంది. జొహర్‌కు వజూ చేస్తూ నల్లా దగ్గర పడిపోయింది.

మూడో కీమో తర్వాత నోరంతా పుళ్లు. నీళ్లు మింగినా మంట. నాలుగో కీమోకు బయల్దేరే రోజు పొద్దున అమ్మీ బుర్ఖా వేసుకోలేదు. తఖ్త్ మీద కూర్చుని, "తాఖత్ కీ దవా బోలే తుమ్. ఇస్ సే తాఖత్ జారీ, ఆరీ నై. మేరేకు నక్కో," అంది.

మేమందరం బతిమాలాం. భాయిజాన్ వీడియో కాల్‌లో ఏడ్చాడు. అమ్మీ కదల్లేదు. ఆలోచించి చూడండి, ఆమె లెక్క ఎంత సరైనదో. బలం కోసం అని చెప్పిన మందు బలం తీస్తుంటే అఖల్ ఉన్న ఏ మనిషైనా ఆపేస్తాడు. మేం ఇచ్చిన తప్పుడు ఖబర్ మీద అమ్మీ సరైన ఫైసలా చేసింది. పద్దెనిమిది రోజులు పోయాయి. ఈ మందులు లెక్క ప్రకారం పడాలని, మధ్యలో గ్యాప్ వస్తే గడ్డకు మళ్లీ పెరిగే మౌకా దొరుకుతుందని డాక్టర్ సాబ్ ఫోన్లో కోపం చేశారు. "పేషెంటుకు ఏం చెప్పారు మీరు?" అని అడిగారు. నా దగ్గర జవాబు లేదు.

మర్నాడు ఫజర్ తర్వాత అమ్మీ ఇంకా జానమాజ్ మీదే ఉంది. ఆపా, నేను వెళ్లి ఎదురుగా కింద కూర్చున్నాం. "అమ్మీ, డాక్టర్ మాటను నేను గలత్ తర్జుమా చేశాను," అని మొదలుపెట్టాను. పేరు చెప్పాను. ఎక్కడి దాకా వచ్చిందో చెప్పాను. ఆ మందు ఎందుకో, జుట్టు ఎందుకు పోయిందో, నోరు ఎందుకు పండిందో చెప్పాను. ఒంట్లో త్వరత్వరగా పెరిగే కణాలన్నిటినీ ఆ మందు కొడుతుంది. గడ్డనూ కొడుతుంది, జుట్టు మొదళ్లనూ నోటి లోపలి పొరనూ కొడుతుంది. బీమారీ కంటే ముందు మనకు కనిపించేది మందు దెబ్బే.

అమ్మీ చాలాసేపు తస్బీహ్ తిప్పుతూ కూర్చుంది. తర్వాత అంది, "పక్క మంచం ఔరత్ నాకు చెప్పింది. ఇక్కడ ఎక్కించేది అందరికీ ఆ బీమారీ మందేనని. నేను ఆమెతో కొట్లాడాను. మేరా బేటా ఝూట్ నై బోల్తా బోలీ మై."

నా జిందగీలో నేను తిన్న దెబ్బల్లో దీనికంటే గట్టిది లేదు.

ఆ రోజు అమ్మీ ఏడ్చింది. రెండు రోజులు సరిగా తినలేదు. ఇది దాచను. నిజం చెప్తే దుఃఖం ఉంటుంది, దానికి తయారుగా ఉండాలి. మూడో రోజు, "ఔర్ కిత్నే బాకీ?" అని అడిగింది. మూడు అన్నాను. "ఆటో బులావ్," అంది.

ఆ వారమే ఇంకో సంగతి బయటపడింది. గడ్డ ఉన్నట్టు అమ్మీకి ఎనిమిది నెలల ముందే తెలుసట. నొప్పి లేదు కాబట్టి పోతుందనుకుంది. నొప్పి లేని గడ్డే ఈ బీమారీకి ఎక్కువగా కనిపించే మొదటి నిషానీ అని ఆమెకు ఎవరు చెప్తారు? ఇంట్లో మనవరాలి నికా ఉంది, షాదీ ఘర్‌లో ఇలాంటి మాట ఎందుకనుకుంది. మర్ద్ డాక్టర్‌కు ఎలా చూపించాలి, కొడుకులకు ఏ మాటతో చెప్పాలి అనుకుంది. ఆపాతో కూడా "భుజం లాగుతోంది" అని మాత్రమే అంది. మన ఇళ్లలో ఆడవాళ్ల ఒంటికి సంబంధించిన మాటలకు భాషే లేదు. ఆమె మా కోసం ఎనిమిది నెలలు దాచింది, మేం ఆమె కోసం నాలుగు నెలలు దాచాం. ఆ ఏడాదిలో లాభపడింది గడ్డ ఒక్కటే.

నిజం తెలిశాక అమ్మీ ఏం చేసిందో చెప్తాను. ముందు మౌలానా సాబ్‌ను పిలిపించి రోజాల మసలా అడిగి తెలుసుకుంది. నీళ్లు హాని చేసే రోజుల్లో తయమ్మమ్ చేసుకోవచ్చని, కూర్చుని, పడుకుని కూడా నమాజ్ చదవొచ్చని ఆయన చెప్తే పిల్లలా ఖుష్ అయింది. చిట్టీ తాలూకు రెండు వేలు పక్కింటి ఆమెకు బాకీ ఉందని చెప్పి ఇప్పించింది. తన రెండు గాజులు ఆపా కూతురికి ఇవ్వాలని కాగితం రాయించింది. ఆస్తి పంచాయితీతో పదకొండేళ్లుగా మాటల్లేని మా ఖాలాకు ఫోన్ చేయించింది. ఆ ఫోన్లో ఇద్దరూ ఏం మాట్లాడుకున్నారో నాకు తెలియదు. ఖాలా మరుసటి బస్సుకే నల్లగొండలో దిగింది. నాలుగో కీమో రోజు అమ్మీ మంచం పక్కన స్టూలు మీద కూర్చుంది ఆమే. ఇక అయాదత్‌కు వస్తామని ఫోన్ చేసేవాళ్లకు అమ్మీ తనే చెప్పేది: "ఈ పది రోజులు రావద్దు, నా ఖూన్ కమ్‌జోర్ ఉంటుంది. అక్కడి నుంచే దువా చేయండి." జ్వరం చూసుకునే థర్మామీటర్ ఆమె దిండు కిందే ఉండేది.

మేం ఇవన్నీ ఆమె చేతుల్లోంచి లాక్కోబోయాం. నిజం చెప్పినందువల్లే అమ్మీ బతికింది అని నేను అనను. షిఫా అల్లా చేతిలో ఉంది, ఇలాజ్ డాక్టర్ల చేతిలో ఉంది. చెప్పినందువల్ల ఆమె ఇలాజ్‌లో ఆమెకు కూడా హిస్సా దొరికింది అంటాను.

దాచడం మన తహజీబ్ అనేవాళ్లు ఉన్నారు. సహీ బుఖారీలో సాద్ బిన్ అబీ వఖ్ఖాస్ కిస్సా గుర్తు చేసుకోండి. ఆఖరి హజ్ ఏడాది మక్కాలో ఆయన చావు అంచుదాకా బీమార్ పడ్డారు. రసూలుల్లా, సల్లల్లాహు అలైహి వసల్లం, అయాదత్‌కు వెళ్లారు. నాకు ఒక్క కూతురే ఉంది, నా మాల్ ఎంత దానం చేయాలి అని సాద్ అడిగారు. అలాంటి మాట నోట రానీయకు అని హుజూర్ ఆయన్ని ఆపలేదు. మూడో వంతు చాలు, అదీ ఎక్కువే అని, వారసులను ముహతాజ్‌గా వదలొద్దని నసీహత్ చేశారు. మన వసియ్యత్ హద్దు అక్కడి నుంచే వచ్చింది. అంటే దీన్‌లో ఒక పెద్ద ఖానూన్ ఒక బీమార్ మంచం పక్కన, దాపరికం లేని మాటల్లోంచి పుట్టింది. ఇంకో సంగతి కూడా ఉంది. సాద్ ఆ తర్వాత కోలుకున్నారు. ఖాదిసియా జంగ్‌కు సిపహ్‌సాలార్ అయ్యారు. దశాబ్దాలు బతికారు. వసియ్యత్ మాట ఎత్తితే మౌత్ వస్తుందనే వహమ్‌కు ఇంతకంటే జవాబ్ ఏం కావాలి?

సబర్ చేయమ్మీ అని మేం నాలుగు నెలలు రోజూ అన్నాం. దేని మీద సబర్ చేయాలో చెప్పకుండానే అన్నాం.

ఖానూన్ సంగతి కూడా చూడండి. సమీరా కోహ్లీ కేసులో 2008లో సుప్రీంకోర్టు ఒక మాట తేల్చేసింది. హోష్‌లో ఉండి ఫైసలా చేసుకోగల బాలిగ్ మనిషి ఇలాజ్‌కు ఆ మనిషి ఇజాజతే కావాలి. ఆ కేసులో పేషెంటు మత్తులో ఉండగా ఆమె తల్లి దగ్గర ఇజాజత్ తీసుకుని పెద్ద ఆపరేషన్ చేశారు. అది చెల్లదని కోర్టు అంది. ఏ ఇలాజ్, ఎందుకు, దాంట్లో ఖత్రా ఏమిటి, చేయించుకోకపోతే ఏమవుతుంది, ఇవన్నీ తెలిసి ఇచ్చిందే ఇజాజత్. తల్లి ఇచ్చిన ఇజాజతే చెల్లనప్పుడు కొడుకు దాచిపెట్టి పెట్టించిన దస్తఖత్ ఏ లెక్కలోకి వస్తుంది?

మా చిచ్చా ఇప్పటికీ నాతో ఒప్పుకోరు. ఆయన దోస్త్ ఒకాయన బీమారీ పేరు వినగానే దిల్ ఛోటా చేసుకుని, ఖానా మానేసి, కొద్ది నెలల్లో పోయాడట. ఆ దుఃఖం నిజమైనది. నేను దాన్ని తీసిపారేయను. కానీ ఆయనకు ఎవరు చెప్పారు, ఎలా చెప్పారు, చెప్పాక పక్కన ఎవరు కూర్చున్నారు అని అడిగితే చిచ్చా దగ్గర జవాబ్ లేదు. ఒక కాగితం చేతిలో పెట్టి వెళ్లిపోతే ఎవరి దిల్ అయినా పగులుతుంది.

నన్ను నేను తవ్వి చూసుకుంటే ఇంకో సంగతి కనిపించింది. అమ్మీ ఏడిస్తే చూడలేనన్న భయం నాది. "నేను చచ్చిపోతానా బేటా?" అని అడిగితే ఏం చెప్పాలో తెలియని భయం నాది. భాయిజాన్ భయం ఇంకోరకం. చెప్పాక ఆమె దగ్గర ఉండలేడు, సెలవు దొరకదు. మా భయాలకు మేం ఆమె దిల్ పేరు పెట్టుకున్నాం.

ఇంకో భయం కూడా ఉంది, ఎవరూ బయటికి అనరు. రిష్తాల భయం. ఖాందాన్‌లో ఆ బీమారీ ఉందంటే ఆడపిల్లలకు సంబంధాలు రావని. రొమ్ము క్యాన్సర్లలో నూటికి 5 నుంచి 10 మాత్రమే వంశంలో వచ్చే జన్యు లోపం వల్ల వస్తాయి. మిగతావాటికి అలాంటి జన్యు లోపం కారణం కాదు. ఒకవేళ వంశంలోనే ఉంటే, ముందుగా తెలియాల్సింది ఎవరికి? ఆ ఆడపిల్లలకే కదా. దాచితే రిష్తా నిలుస్తుందేమో, పిల్ల జాన్ ఖత్రాలో పడుతుంది. ఇది అంటుకునే బీమారీ కూడా కాదు. ఆమె కప్పు, తాట్ వేరుగా పెట్టే ఇళ్లను చూశాను. అల్లాకు భయపడండి.

హైదరాబాద్ రెడ్‌హిల్స్‌లో పేదల కోసం క్యాన్సర్ ఆస్పత్రి 1955లో వచ్చింది. దాని పేరులో ఉన్నది నవాబ్ మెహ్దీ నవాజ్ జంగ్, తర్వాత గుజరాత్‌కు మొదటి గవర్నర్ అయిన మనిషి. మన బుజుర్గుల పేరు ఆ ఆస్పత్రి గోడ మీద ఉంది. మన ఇళ్లలో మాత్రం ఆ బీమారీ పేరు నోట రాదు, "వో బీమారీ" అంటాం.

ఎలా చెప్పాలి అంటారా? ముందు అడగండి. "అమ్మీ, డాక్టర్ చెప్పేదంతా చెప్పనా, నువ్వు అడిగినంతే చెప్పనా?" కొందరు బుజుర్గులు, "నాకేం చెప్పొద్దు, మీరే చూసుకోండి," అంటారు. అది వాళ్ల ఇఖ్తియార్, దాన్ని ఇజ్జత్‌తో మానండి. అడగకుండా మనమే ఫైసలా చేయడం వేరు. ఇంటి నిండా జనం ఉన్నప్పుడు చెప్పకండి, ఇషా తర్వాత చెప్పి పడుకోబెట్టకండి. బీమారీ పేరు, ఇలాజ్, రేపు ఏం జరుగుతుంది, ఈ మూడూ చాలు మొదటి రోజుకు. ఇన్ని నెలలు అని లెక్కలు కట్టకండి. తప్పకుండా తగ్గుతుంది అని కూడా వాదా చేయకండి, అది మీ చేతిలో లేదు. "మేం పక్కనే ఉంటాం" అనే వాదా చేయండి, అది మీ చేతిలో ఉంది.

ఇలాజ్ ఇక పని చేయని దశ వచ్చిందని డాక్టర్లు చెప్పిన ఇళ్లలో ఈ మాట ఇంకా జరూరీ. దర్ద్ తగ్గించే ఇలాజ్ అప్పుడూ ఉంటుంది. మార్ఫిన్ గోలీల మీద గట్టి ఆంక్షలు ఉండేవి, 2014లో ఖానూన్ మార్చి కొంత సులువు చేశారు. డాక్టర్ లెక్క ప్రకారం ఇస్తే అది నషా కాదు, దవా. కానీ దర్ద్ ఎంత ఉందో చెప్పాల్సింది పేషెంటే. అంతా ఠీక్ అని మనం నాటకం ఆడుతుంటే ఆ మనిషి కూడా ఠీక్ అనే అంటుంది, దర్ద్ మింగేసి. మాఫీ అడగాల్సినవాళ్లు, మాఫీ ఇవ్వాల్సినవాళ్లు, తిరిగివ్వాల్సిన అమానతులు ఎవరికైనా ఉంటాయి. వాటికి వక్త్ కావాలి. ఆ వక్త్ వాళ్లది.

మా అమ్మీకి కీమోలు పూర్తయ్యాయి, ఆపరేషన్ అయింది, రేడియేషన్ అయింది. ఇప్పుడు ఆరు నెలలకోసారి నల్లగొండ నుంచి హైదరాబాద్ వెళ్లి చూపించుకుంటున్నాం. ఆటో ముందు గేటు దగ్గరే ఆగుతుంది. సవాళ్లన్నీ అమ్మీయే అడుగుతుంది, నేను తర్జుమా చేస్తాను. ఆపాను కూడా లోపలికి తీసుకెళ్తుంది. డాక్టర్ సాబ్ మాట నేను ఉర్దూలో చెప్పగానే, ఆపా వైపు తిరిగి ప్రతిసారీ ఒకే మాట అడుగుతుంది: "ఇనే సబ్ బోల్రా నా?"

ఆపా నవ్వుతుంది. నాకు నవ్వు రాదు. ఆ సవాల్ మీ అమ్మీ మీ గురించి అడగకుండా చూసుకోండి. బీమార్ ఉన్న అందరికీ అల్లా షిఫా ఇవ్వాలి. దువాల్లో మా అమ్మీని యాద్ ఉంచుకోండి.